టాఫీ కాగితోద్ధరణము

తూర్పు దిక్కున అరుణకాంతి ఇంకా ఆవులిస్తున్న వేళ, మంచుతెరలు మహావృక్షాల కొమ్మలను విడవలేక విడవలేక విడుస్తున్న వేళ, మనిషి అడుగు ఏనాడూ పడని నాచునేల మీద నీటిబొట్లు ముత్యాల కొట్టు తెరిచి కూర్చున్న వేళ, ఓ వనదేవతలారా, మిమ్మల్ని ఎలుగెత్తి స్తుతించి ఈ గాథ మొదలుపెట్టవలసి ఉంది. కానీ ఈ అడవిలో గట్టిగా మాట్లాడటం నిషిద్ధం. కాబట్టి గుసగుసగానే పిలుస్తున్నాను. దయచేసి ఓ చెవి ఇటు పడేయండి.

అష్టదిక్కులా అనుల్లంఘనీయ శాసనాలతో పరివేష్టితమైన ఒక రక్షితారణ్యంలో, అత్తగారి పరువునూ అర్ధాంగి ఆశనూ ఒకే భుజాన మోస్తూ, దుర్నిరీక్ష్యుడైన శత్రువుతో బోర్లా పడుకుని పోరాడిన ఒక దంతవైద్యుడి వీరగాథ ఇది. శత్రువెవరంటారా? తొందరెందుకు, వస్తాడు. బంగారు కవచం తొడుక్కుని మరీ వస్తాడు.

ఆ వీరుడి రాజధాని ఒక మేడ మీది గది. కింద చెప్పుల దుకాణం, పైన పళ్ల ఆసుపత్రి. ఆ మెట్లెక్కి వచ్చేవాళ్లలో బుగ్గ పట్టుకోకుండా వచ్చినవాడు లేడు. వెనక్కి వాలే కుర్చీయే అతని రథం. దాని మీదికి వంగిన దీపమే అతని సూర్యుడు. దంతమూలాంధకారవిదారకుడు, క్రిమిదష్టదంతోత్పాటనధురంధరుడు, “నోరు తెరవండి” అన్న ఒక్క మాటతో ఎంతటి వాగుడుకాయనైనా నిశ్శబ్దం చేయగల దిట్ట. అంతటివాడూ ఇంటికొస్తే మాత్రం ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఎటు మాట్లాడితే ఏమవుతుందోనని బిక్కుబిక్కుమంటూ బతికే మెత్తని మనిషి.

ఆ ఇద్దరిలో ఒకరు భార్య. పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే గది ఆమె పని చేసే చోటు. కిటికీ లేని గది, సీసపు రేకు తాపిన తలుపు, పొద్దస్తమానం పరాయివాళ్ల పక్కటెముకలు. అలాంటి గదిలో ఏళ్ల తరబడి కూర్చున్న ఆ మనిషి మనసులో ఒకే ఒక్క కోరిక పాతుకుపోయింది. ఆ అడవి నడిబొడ్డున ఒక సరస్సు ఉందట. దాని ఒడ్డున నిలబడి, గోడ అడ్డం రాకుండా, కళ్లు ఎంత దూరం పోతే అంత దూరం చూడాలి. అయితే అది అనుకోగానే వెళ్లే చోటు కాదు. ఏటా ఒకసారి చీటీలు తీసి, పేరు వచ్చిన కొద్దిమందిని మాత్రమే, అదీ ఒక్క పూటకు, లోపలికి వదులుతారు. ఏటా ఆమె పేరు పంపేది. ఏటా రాలేదని జవాబు వచ్చేది. ఈసారి వచ్చింది, వెంట ఇద్దరిని తెచ్చుకోవచ్చట. వచ్చిన రోజున కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఇంట్లో ఎవరూ కిమ్మనలేదు.

రెండో ఆవిడ అత్తగారు. టెలిఫోను ఆఫీసులో ఆపరేటరుగా పనిచేసి, ఊరందరి గొంతులనూ ఒకదానితో ఒకటి కలిపి, విశ్రాంతి తీసుకుంటున్న మధురపదార్థలోలుప. ఈ మధ్యనే అల్లుడి దగ్గర రెండు పళ్లకు తొడుగులు వేయించుకుంది. అవి కుదురుకునేదాకా అంటుకునే మిఠాయిలేవీ నోట పెట్టకూడదని అల్లుడు ఆజ్ఞాపించాడు. ఆ ఆజ్ఞను అమలుపరిచే భారం కూతురు నెత్తికెత్తుకుంది. ప్రయాణం నాటి పొద్దున గుమ్మంలోనే తల్లి చేతిసంచీకి సోదా జరిగింది.

“సంచీ చూపించమ్మా.”

“ఏముంటాయే అందులో? రుమాలూ, కళ్లజోడు పెట్టే. పోలీసులా తయారయ్యావు.”

“కళ్లజోడు కళ్లకే ఉందిగా. మరి పెట్టె దేనికి?”

“తీసినప్పుడు పెట్టుకోవద్దూ!”

తర్కం తిరుగులేనిది. సోదా ముగిసింది. ఆ పెట్టెలో, తుడిచే గుడ్డ మడతల్లో, బంగారు రేకు చుట్టిన టాఫీ ఒకటి కిక్కురుమనకుండా పడుకుని ఉందన్న సంగతి ఆ సూక్ష్మపరిశోధకురాలికి తెలియదు.

అలా బయల్దేరిన ముగ్గురూ బస్సు దిగి అరణ్యద్వారం చేరారు. అక్కడ ద్వారపాలనదీక్షాబద్ధురాలై వనరక్షకురాలు నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, మెడలో ఈల. వచ్చేపోయేవాళ్లు ఆమెను ఈల మేడమ్ అంటారు. నిజానికి ఆ ఈల మోగగా విన్నవాళ్లు లేరు. పక్షులు బెదురుతాయని ఆమె ఊదదు. ఊదని ఈలకే జనం అంత భయపడేవారు.

“చెక్కబాట మీదే నడవాలి,” అంది ఆమె. “పక్కన నాచు మెత్తగా కనిపిస్తుంది కదా అని కాలు పెట్టొద్దు. మీ అడుగు పడినచోట మళ్లీ నాచు పట్టాలంటే మీ మనవలు ముసలాళ్లు కావాలి. పుల్ల ఏరొద్దు, కొమ్మ ముట్టుకోవద్దు. ఏదీ పట్టుకెళ్లొద్దు, ఏదీ వదిలెళ్లొద్దు. ఒక్కరు తప్పు చేసినా మొత్తం గుంపుని వెనక్కి తీసుకొచ్చేస్తాను. ముందే చెబుతున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.”

గుంపులో గజశుండాసదృశమైన కెమెరా మోస్తున్న పెద్దమనిషి ఒకడు చెయ్యెత్తాడు. “చిన్న గులకరాయి ఒకటి తీసుకోవచ్చా అండీ?”

“వద్దండి.”

“మరీ చిన్నది?”

“మరీ చిన్నదైతే మీకెందుకండీ?”

సేన కదిలింది. అగ్రభాగాన ఈల మేడమ్. ఆమె నీడ తొక్కుతూ దంతవైద్యుడి భార్య. నడుమ కెమెరా పెద్దమనిషి, తక్కిన యాత్రికులు. చిట్టచివర, మోకాళ్ల నొప్పుల మందగమనంతో, గొడుగు ఊతకర్రగా, అత్తగారు, ఆమెకు తోడుగా మన వీరుడు. చెట్లు కాస్త పలచబడినప్పుడల్లా ముందున్న భార్య మెడ సాచి, నీరు కనిపిస్తుందేమోనని చూసేది. అది చూసి వెనకున్న భర్తకు, తనే ఆ సరస్సు తవ్వించి బహుమతిగా ఇస్తున్నంత సంబరంగా ఉండేది.

అప్పుడు అత్తగారు ఆగింది. “కళ్లజోడుకి మంచు పట్టేసింది. తుడుచుకుని వస్తా, మీరు నడవండి,” అంది. పెట్టె తెరుచుకుంది. కళ్లజోడు తుడవబడలేదు. ఏదో ఒకటి చటుక్కున బుగ్గలోకి వెళ్లిపోయింది. సరిగ్గా అదే క్షణంలో, అంతవరకు ఆకుల సందున పొంచి ఉన్న వాయువు ఒక్క ఉదుటున లేచి, ఆవిడ వేళ్ల మధ్యనున్న రేకును లాక్కుని, గాలిలో గిరికీలు కొట్టించి, చెక్కబాట అంచు దాటించి, నిషిద్ధభూమి మీద దింపింది.

ఆహా, ఏమి ఆ శత్రువు! పసిడి కవచం తళతళలాడుతుండగా, మరకత పచ్చని నాచు సింహాసనం మీద, మూలలు రెండూ పైకి విరిచి మీసం మెలేసిన యోధుడిలా కూర్చున్నాడు. చాచిన చేతికి జానెడు అవతల. రమ్మంటే రాడు, పొమ్మంటే పోడు.

“అత్తయ్యగారూ, అదేమిటండీ?”

“ఏదీ?” అంది ఆవిడ, ఒక పక్క బుగ్గతో.

“అదే, ఆ మెరుస్తున్నది.”

“ఎండుటాకు.”

“ఆకు మీద కంపెనీ పేరుందండీ.”

అత్తగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “అల్లుడుగారూ, ఎవరూ చూళ్లేదు. పదండి పోదాం. అమ్మాయికి మాత్రం చెప్పకండి, మీకు పుణ్యముంటుంది. తిడుతుంది.”

వీరుడి ఎదుట ధర్మసంకటం నోరు తెరిచింది. కాలు దించితే తప్పు. కాగితం వదిలితే తప్పు. మేడమ్‌ను పిలిస్తే గుంపంతా వెనుదిరగాలి. భార్యకు సరస్సు దక్కదు. ఇక మిగిలింది అత్తగారు చూపిన దారి. చూడనట్టు నడిచిపోవడం. అది ఎంత సులువో! అతను రెండడుగులు వేశాడు కూడా. ముందు భార్య మళ్లీ మెడ సాచి చూస్తోంది. అతని కాళ్లు ఆగిపోయాయి. వెనుదిరిగి, ఛాతీ విరిచి, ఇలా గర్జించాడు. గర్జన అంతా గుసగుసలోనే జరిగిందని శ్రోతలు గమనించాలి.

“లేదండీ. ఈ కాగితం కుళ్లదు, కరగదు. మనం పోయాక కూడా ఇక్కడే మెరుస్తూ కూర్చుంటుంది. మీ అమ్మాయి ఇన్నేళ్లు ఎదురుచూసి వచ్చిన చోట మన చెత్త పారేసి, వెళ్లి పక్కన నిలబడి, ‘అబ్బ, ఎంత బావుందో’ అనమంటారా నన్ను? నా వల్ల కాదు. ఎన్ని పళ్లు పీకాను! చిట్టచివర, మూలన నక్కి కూర్చున్న జ్ఞానదంతాల్నే పట్టి బయటికి లాగాను. ఈ బోడి కాగితం నాకో లెక్కా! ఆ గొడుగు ఇలా ఇవ్వండి.”

ప్రథమయుద్ధం గొడుగుయుద్ధం. మోకాళ్ల మీద కూర్చుని, గొడుగును శూలంలా పట్టి, దాని మొనను నాచుకు తగలకుండా గాలిలోనే నడిపిస్తూ, శత్రువు సమీపానికి చేర్చాడు. ఇంకొక్క వేలెడు. ఇంకొక్క గోరంత. బొటనవేలు జారి గొడుగు మీట మీద పడింది.

ఫట్!

ప్రళయకాలమేఘంలా గొడుగు విచ్చుకుంది. నిశ్శబ్దం బద్దలైంది. పైకొమ్మల్లో పక్షులు గుప్పున లేచాయి. ఆ గాలికి కాగితం మరో బెత్తెడు అవతలికి జరిగి, మునుపటికన్నా హుందాగా సర్దుకుని కూర్చుంది. సేన యావత్తూ వెనక్కి తిరిగింది. ఈల మేడమ్ పరుగెత్తకుండానే పరుగెత్తినంత వేగంగా వచ్చి, కాగితాన్ని చూసింది.

“ఎవరిదిది?”

అత్తగారి ముఖం పాలిపోయింది. బుగ్గలోని టాఫీ కదలడం మానేసింది. ఆ చూపు దంతవైద్యుడు తన కుర్చీలో చాలాసార్లు చూశాడు. సూది తీయగానే రోగుల కళ్లల్లో కనిపించే చూపది.

“నాదండీ,” అన్నాడు.

“మీదా?” భార్య నమ్మలేనట్టు చూసింది. “మీరు టాఫీ తిన్నారా?”

“ఆఁ... ఏదో... నోరెండిపోతుంటే.”

“మీరు పళ్ల డాక్టరునని ఇందాక బస్సులో చెప్పారు కదూ?” అన్నాడు కెమెరా పెద్దమనిషి, ఎంతో మర్యాదగా. “చక్కెర విషం అని కూడా అన్నట్టు గుర్తు.”

కత్తిపోటు మానుతుంది గానీ ఇలాంటి మర్యాద మానదు. వీరుడు తల దించుకున్నాడు.

“రూలు ప్రకారం అందరం వెనక్కి వెళ్లిపోవాలి,” అంది మేడమ్.

భార్య సరస్సు ఉన్న దిక్కుకేసి ఒకసారి చూసి, తిరుగు ప్రయాణానికి భుజం మీద సంచీ పట్టీ బిగించుకోసాగింది. తిట్టి ఉంటే ఎంతో బాగుండేదని అతనికి అనిపించింది.

“మేడమ్, ఒక్క అవకాశం ఇవ్వండి,” అన్నాడు. “కాలు దించను. నాచు ముట్టుకోను. గొడుగు కూడా వద్దు. చేత్తో తీసేస్తాను.”

మేడమ్ కాగితాన్ని చూసింది, అతని చేతిని చూసింది, సంచీ పట్టీ బిగిస్తున్న ఆమెనూ చూసింది. “కాగితం ఇక్కణ్ణుంచి పోవాలి, నాకు కావాల్సిందదే. కానీ నాచుకి వేలు తగిలిందో, అంతే సంగతులు.”

ద్వితీయయుద్ధం మొదలైంది. వీరుడు చెక్కబాటకు అడ్డంగా బోర్లా పడుకుని, నడుము దాకా శూన్యంలోకి జరిగాడు. వెనక ఎవరైనా కాళ్లు పట్టుకోకపోతే ముక్కుతో నాచు దున్నడం ఖాయం. కెమెరా పెద్దమనిషి కెమెరా దించడానికి ఒప్పుకోలేదు. అప్పుడు, ఎవరూ పిలవకుండానే, అత్తగారు ముందుకొచ్చి అల్లుడి పిక్కల మీద నిబ్బరంగా కూర్చుంది.

“బరువుగా ఉన్నానా అల్లుడుగారూ?”

“లేదండీ... కొంచెం ముందుకు... అయ్యో, వద్దొద్దు, వెనక్కే! అలాగే ఉండండి.”

శ్వశ్రూభారస్థిరీకృతపాదుడై, గగనలంబితోత్తరకాయుడై, అతను చెయ్యి చాచాడు. వేళ్లు కాగితం దగ్గరికి చేరాయి. సరిగ్గా అప్పుడే పక్కనున్న ఆకు కింది నుంచి మూడో పక్షం రణరంగంలోకి దిగింది. స్వగృహవాహకుడు, మృదులశరీరుడు, తొందర అనే మాటే ఎరుగని సార్వభౌముడు. ఒక నత్త. అది నెమ్మదిగా వచ్చి, కాగితం అంచున ఆగి, కొమ్ములు చాచి పరిశీలించి, తనకోసమే పరిచారనుకుందో ఏమో, పైకెక్కింది.

“ఆగండి!” అంది మేడమ్. “దాన్ని ముట్టుకోకూడదు.”

“నత్తేగా అండీ?”

“ఇక్కడ మనకంటే దానికే హక్కులెక్కువ.”

“మరి ఎంతసేపు?”

“అది దానిష్టం.”

అందరూ ఆగారు. నెత్తురు తలలోకి దిగుతోంది. చీమ ఒకటి చెవి మీదుగా యాత్ర సాగిస్తోంది. కాళ్లు ఉన్నాయో లేవో అత్తగారికే తెలియాలి. ఇంతలో పక్కన ఎవరో మోకరిల్లిన చప్పుడైంది. భార్య. తన అరచేతిని మడిచి అతని నుదుటి కింద ఆసరాగా పెట్టింది.

“తల తిరుగుతోందా?”

“కొంచెం. నీ సరస్సు పాడుచేశాను కదూ?”

“సరస్సు ఎక్కడికీ పోదులెండి.” ఆమె కూడా వంగి నత్తను చూడసాగింది. ఆకుల్లోంచి దిగిన సన్నని ఎండ దాని మీద పడింది. “కొమ్ములు చూడండి. లోపలిదంతా బయటికే కనిపిస్తోంది. ఎక్స్‌రే అక్కర్లేదు దీనికి.”

ఒక్కొక్కరుగా అందరూ మోకాళ్ల మీదికి దిగారు. కెమెరా పెద్దమనిషి కూడా దిగాడు. ఫోటో తీయడం మరిచిపోయాడు. పొద్దున్నించీ సరస్సు, సరస్సు అంటూ అడుగు వెంట అడుగు వేసిన సేన, ఒక నత్త కాగితం దాటడాన్ని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. అది మధ్యలో ఒకచోట ఆగింది. కొందరు నిట్టూర్చారు. మళ్లీ కదిలింది. కొందరు పిడికిళ్లు బిగించారు. చివరికి, దారిలో వెండి చార ఒకటి గీసి, సార్వభౌముడు అవతలి నాచులోకి దిగిపోయాడు.

అదే అదను అనుకున్నాడేమో, వాయుదేవుడు మళ్లీ లేచాడు. ఆకులు గలగలమన్నాయి. కాగితం మూల ఒకటి రెపరెపలాడింది. ఎగిరిందా, ఇక మొత్తం అడవి దానిదే.

అప్పుడు అతని చెవి పక్కన, ఎముకలు విరిగినవాళ్లనూ ఏడ్చే పిల్లలనూ రోజూ నిలబెట్టే ఆ నిదానమైన గొంతు వినిపించింది. “ఊపిరి తీసుకోండి... బిగబట్టండి... కదలొద్దు.”

అతను ఊపిరి బిగబట్టాడు. చూపుడు వేలూ బొటనవేలూ దీర్ఘచంచూపుటంలా విచ్చుకుని, గాలిని చీల్చుకుంటూ దిగి, రెపరెపలాడే ఆ మూలను, నాచు పోగొక్కటి కూడా చలించకుండా, ఒడిసి పట్టాయి.

“ఊపిరి వదలండి,” అంది భార్య.

జయధ్వానాలు మిన్నుముట్టవలసిన ఘట్టమది. చప్పట్లు నిషిద్ధం కాబట్టి అందరూ రెండు చేతులూ పైకెత్తి ఊపారు. నలుగురూ పట్టి లాగితే వీరుడు బాట మీదికి వచ్చిపడ్డాడు. అతని చేతిలో నలిగిన కాగితం చూసి అత్తగారికి ఇక ఉండబట్టలేదు.

“అమ్మాయ్, ఆ టాఫీ తిన్నది నేనే. ఆయన కాదు.”

“తెలుసమ్మా.”

“ఎలా తెలిసిందే?”

“ఇందాకట్నుంచీ నీ మాట ఒక పక్క నుంచే వస్తోంది.”

కెమెరా పెద్దమనిషి దంతవైద్యుడికేసి తిరిగి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. దంతవైద్యుడి ధ్యాస వేరే చోట ఉంది. “తొడుగులు ఊడలేదు కదా అండీ?” అని అడిగాడు కంగారుగా.

అత్తగారు నాలుకతో తడిమి చూసుకుంది. “రెండూ చెక్కుచెదరలేదు అల్లుడుగారూ. భలే వేశారు.”

“అందుకని మళ్లీ తినమని కాదు,” అన్నాడు అతను. కానీ ముఖం వెలిగిపోయింది.

“పదండి,” అంది మేడమ్. వెనక్కి కాదు, ముందుకే నడిచింది.

సరస్సు చేరేసరికి పొద్దు పైకి వచ్చింది. అంతవరకు నీటి మీద పడుకున్న మంచు పొరలుపొరలుగా లేచి పోయింది. గాలి ఆగింది. భార్య ఒడ్డునున్న చెక్క అరుగు చివరిదాకా వెళ్లి, అంచునున్న కమ్మీ పట్టుకుని నిలబడింది.  చాలాసేపటికి, పక్కకొచ్చి నిలబడిన భర్తతో మెల్లిగా అంది.

“అవతలి ఒడ్డు కనిపించడం లేదండీ.”

“మంచు ఇంకా పూర్తిగా విడలేదేమో.”

“మంచు కాదు,” అంది ఆమె, కళ్లు తిప్పకుండా. “దూరం.”

తిరుగుదారిలో అరణ్యద్వారం దగ్గర ఈల మేడమ్ అందరినీ ఆపి, సంచులూ చెప్పుల అడుగులూ పరీక్షించింది. దంతవైద్యుడు జేబులోంచి కాగితం తీసి, రాజముద్రిక చూపినట్టు చూపాడు. ఆమె తలూపింది. అంతలోనే, “కదలకండి,” అంటూ దగ్గరికొచ్చింది. అతని చొక్కా గుండీల మధ్య, బోర్లా పడుకున్నప్పుడు అంటుకుందేమో, గోరంత ఎర్రని ఆకు ఒకటి ఇరుక్కుని ఉంది. ఆమె దాన్ని రెండు వేళ్లతో తీసింది.

“ఇది మాది,” అంది. ద్వారం దాటి వెనక్కి వెళ్లి, వంగి, దాన్ని నాచు మీద వదిలి వచ్చింది.

కావున సకలదిగంతవాసులకూ తెలియజేయడమేమనగా: ఈ గాథ విన్నవారికి పళ్లు గట్టిపడతాయని నేను హామీ ఇవ్వలేను, అత్తగార్లు మాట వింటారనీ చెప్పలేను. జరిగింది మాత్రం చెబుతాను. ఆనాడు అసంఖ్యాక వృక్షలతాగుల్మసంకులమైన ఆ మహారణ్యంలోకి ఒక దంతవైద్యుడూ అతని కుటుంబమూ ప్రవేశించారు, నిష్క్రమించారు. వాళ్లు వచ్చి వెళ్లారని చెప్పడానికి ఆ అడవిలో ఏ ఆనవాలూ మిగల్లేదు. ఇంతకు మించిన దిగ్విజయం ఇంకెవరికైనా దక్కిందేమో, నాకైతే తెలియదు.